జంపఖానా డేరా

కండె నిండింది. అనసూర్య దాన్ని రాట్నం కదురు నుంచి లాగి గంపలో వేసిందో లేదో, మగ్గం గుంటలోంచి చెయ్యి పైకి లేచింది.

"ఇంకో నాలుగు తే. ఎర్రయి."

"ఎర్ర నూలు అయిపోయింది."

"అయితే పచ్చది చుట్టు. డేరకు ఏ రంగైతేంది?"

గుంటలో కాళ్లు దించుకొని కూర్చున్న పర్శరాములు నాడెను కుడి నుంచి ఎడమకు విసిరి, పలకను దబ్బున గుంజాడు. నేత సొసైటీ వాళ్ల జంపఖానా నిన్ననే నేయడం పూర్తయింది, కోసి మడత పెట్టేశారు. పడుగు చివర కొంత తోక మిగిలింది. మిగిలిన తోక నేసినవాడిదే. కొత్తవాడలో అది ఎప్పటినుంచో ఉన్న మర్యాద. కొందరు దాంతో కాళ్లు తుడుచుకునే పట్టాలు నేసుకుంటారు, కొందరు మంచం మీదికి వేసుకుంటారు. పర్శరాములు మాత్రం ఇలాంటి తోకలన్నీ కూడబెట్టి డేరా నేస్తున్నాడు. మొగుడూ పెళ్లాం ఊరి బయట, చెరువు ఒడ్డున, హాయిగా ఒక రాత్రి గడపడానికన్నమాట. ఆ హాయికి కూడా కండెలు చుట్టాల్సింది అనసూర్యే.

ఆ ఇద్దరూ మాట్లాడుకునేది మగ్గం ఆడేటప్పుడే. ఉన్నది ఒక్కటే గది. అందులో రెండు గుంట మగ్గాలు, వెనక గోడకు పొయ్యి. రెండో మగ్గం మామ లక్ష్మీనర్సయ్యది. అత్త రాములవ్వ గడప దగ్గర తన రాట్నం ముందు కూర్చుంటుంది. రాత్రి మగ్గాల నడుమ చాపలు పరిస్తే మామ దగ్గు, అత్త ఆవలింత, అన్నీ చెవి పక్కనే. అందుకని పెళ్లయిన ఈ ఏడాదిలో వాళ్లొక విద్య నేర్చుకున్నారు. నాడె అటు పోయి పలక పడ్డప్పుడు ఒక మాట, ఇటు వచ్చి పడ్డప్పుడు ఇంకో మాట. దారం తెగి మగ్గం ఆగిందంటే మాట సగంలోనే మింగాలి.

"పాకాల్ల నేను సూసిన గదా," అన్నాడు పర్శరాములు. దబ్. "చెరువు ఒడ్డుకు ఇంత డేర." దబ్. "ముంగట రెండు కుర్చీలు. ఆఫీసరు, ఆయిన భార్య కూసొని చాయ్ తాక్కుంట చెరువు దిక్కు సూస్తాండ్రు. దేవుడు లేడు, పెండ్లి లేదు, సావు లేదు. ఊరికెనే వచ్చిండ్రట అనసూర్యా. ఊరికెనే!"

పోయినేడు పాకాల చెరువు గెస్ట్ హౌసుకు జంపఖానాల మూట ఇవ్వడానికి వెళ్లి ఈ దృశ్యం చూసి వచ్చాడు. అప్పటినుంచీ ఆ 'ఊరికెనే' అతని నెత్తికెక్కి కూర్చుంది. కొత్తవాడలో ఎవరూ ఊరికెనే ఎక్కడికీ పోరు. జాతరకో, దినాలకో, దవాఖానకో పోతారు.

"ఏమేం కొంటవోదాం చెప్త ఇను. డేర, రెండు బొంగులు, చాప. కిర్సనాయిలు స్టవ్ సారయ్యన్న ఇస్త అన్నడు. బియ్యం, పప్పు, జర మసాల. గంజు ఒకటి, తపేల ఒకటి. లాంతరు. పొద్దుగాలకు చక్కెర, చాయ్‌పత్తి..."

"ఆ చాయ్ ఎవలు వెట్టిండ్రు?"

"ఏ చాయ్?"

"పాకాల్ల ఆఫీసరు తాగిన చాయ్."

నాడె మధ్యలోనే ఆగింది. పర్శరాములు కళ్లు చిట్లించి ఆలోచించాడు. ఆ దృశ్యాన్ని ఇన్నిసార్లు తలుచుకున్నాడు గాని, డేరా వెనక ఏముందో అతను ఎన్నడూ తలుచుకోలేదు.

"ఎనుక జవాను ఉండె. ఆయిన వెట్టి ఉంటడు."

"మరి మన డేరకు జవాను ఎవలు?"

అతను నవ్వాడు. అనసూర్య నవ్వలేదు. అతను చెప్పిన ప్రతి వస్తువు వెనకా ఆమెకు తన రెండు చేతులు కనపడుతున్నాయి. గంజు అంటే కడగడం, పప్పు అంటే ఏరడం, స్టవ్ అంటే ఊదడం, పంపు కొట్టడం, మసి తుడవడం. ఇక్కడున్న పొయ్యిని మోసుకుపోయి చెరువు ఒడ్డున పెట్టి, దాని ముందు కూర్చోవడానికి అంత దూరం పోవాలా?

"మగ్గం ఆడియ్యి," అంది లోగొంతుతో. అతను ఆడించాడు. "నాకు డేర వద్దు, కుర్చీ వద్దు. పొయ్యి లేని కాడికి తోల్కపో. ఒక్క పొద్దు. నాకు గంతే గావాలె."

అంతే కావాలని ఆమె ఒట్టినే అనలేదు. నూలు రాని రోజు మగవాళ్లకు సెలవు. సొసైటీకి నూలు లారీ రాలేదని తెలిస్తే చాలు, గుంటల్లోంచి లేచి ఒళ్లు విరుచుకొని చౌరస్తా దాకా పోయి వస్తారు. ఆడవాళ్లకు ఆ రోజూ పొయ్యి ఉంటుంది. ఇక నెలకోసారి ఆడది దూరం కూర్చునే రోజులు వస్తాయి. అప్పుడు పొయ్యి ముట్టకూడదు, బిందె ముట్టకూడదు. పెరటి తలుపు దగ్గర మూలకు కూర్చోవాలి. సరే, అదన్నా సెలవా అంటే, రాములవ్వ రాట్నాన్ని ఆ మూలకే జరిపేది. పొయ్యికి అంటే మైల నూలుకు అంటదట! సొసైటీ నూలు కాబట్టి కాబోలు. అట్లా నూలు రాని రోజు పొయ్యి, పొయ్యి లేని రోజు నూలు. రెండూ లేని రోజు పెళ్లయిన దగ్గరనుంచి అనసూర్య చూడలేదు.

ఆ మధ్యాహ్నమంతా పలక చప్పుడులో బేరం నడిచింది. స్టవ్ పోయింది. గంజు పోయింది. లాంతరు దగ్గర పర్శరాములు మొండికేశాడు. "వెన్నెల ఉంటది తియ్," అంటే ఊరుకున్నాడు. సర్వపిండి చేసుకొని పోదామన్నాడు.

"ఎవలు చేస్తరు?"

"సరే సరే. చౌరస్తల మిర్చీలు, బన్నులు కొందాం."

"అత్తమ్మకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? కాయిదం ఆడ్నే పారేస్తం."

చివరికి ఒప్పందం కుదిరింది. డేరా ఉంటుంది, అది అతని కోరిక. పొయ్యి ఉండదు, అది ఆమెది. నూలు రాని రోజు, ధర్మసాగరం చెరువు, సైకిల్ మీద. ఒప్పందమైన ఉత్సాహంలో పర్శరాములు నాడెను ఎంత గట్టిగా విసిరాడంటే అది అవతలి అంచు దాటి మామ మగ్గం కింద పడింది.

"ఏందిరా ఆ ఆత్రం?" అన్నాడు లక్ష్మీనర్సయ్య, నాడె అందిస్తూ.

*

పట్టీలన్నీ దబ్బనంతో కలిపి కుట్టేసరికి డేరా తయారైంది. ఎరుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన నలుపు, నడుమ ఎక్కడిదో పసుపు. ఏ సొసైటీ జంపఖానాలో ఏ రంగు మిగిలితే ఆ రంగు. గోడ మందాన ఉంది. మడత పెట్టి ఎత్తబోతే పర్శరాములు నడుం పట్టుకున్నాడు. జంపఖానా తప్ప ఇంకోటి నేయడం తెలియనివాడు డేరా నేస్తే అట్లాగే ఉంటుంది.

నిలబెట్టి చూడకుండా ఉంటే పోయేది. కాని కొత్త వస్తువు చేతిలో ఉంటే పర్శరాములుకు చేతులు ఊరుకోవు. ఆ సాయంత్రం వాకిట్లో రెండు బొంగులు పాతి డేరా నిలబెట్టాడు. వాడ వాడంతా వచ్చింది.

"ఏం పర్శరాములూ, సర్కసు వెడ్తానవా? పులి ఏది?" అన్నాడు పక్కింటి సారయ్య. అతనూ నేతగాడే. నోరు ఊరుకోదు. డేరాలోకి దూరి పడుకొని చూసి, "లోపట మంచి చీకటుందే," అన్నాడు.

రాములవ్వ గడప దిగి వచ్చింది. డేరా చుట్టూ ఒకసారి తిరిగింది. గుడ్డను చూపుడువేలికి, బొటనవేలికి నడుమ పెట్టి నలిపింది.

"ఏందిరా ఇది?"

"డేర, అవ్వా."

"అది ఎర్కాయె. ఎందుకని అడుగుతాన."

అనసూర్య గడపలో నిలబడి మొగుడి ముఖం చూస్తోంది. ఊరికెనే అను, అని మనసులోనే అరిచింది. నేనూ నా పెండ్లాం ఊరికెనే పోతం అను. ఇన్నాళ్లూ 'ఊరికెనే' అని పలవరించినవాడి నోట్లోంచి వాడంతా చూస్తుండగా ఆ మాట ఊడిపడలేదు. చెవి గోక్కున్నాడు.

"మొక్కు," అన్నాడు.

"ఏ మొక్కు?"

"కట్టమైసమ్మకు. ధర్మసాగరం కట్ట మీది మైసమ్మ. ఒక రాత్రి ఆడ నిద్ర జేస్తమని..."

"ఎందుకు మొక్కినవ్?"

పర్శరాములు చూపు అటూ ఇటూ తిరిగి, గోడ పట్టుకొని మెల్లగా బయటికి వస్తున్న తండ్రి మీద పడింది. గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయిన ముసలాయన.

"నాయిన మోకాళ్లకు," అన్నాడు.

లక్ష్మీనర్సయ్య అక్కడే ఆగిపోయాడు. వంగి తన మోకాళ్లను తనే చూసుకున్నాడు, అవి అక్కడున్నాయని ఇప్పుడే తెలిసినట్టు.

"నా మోకాళ్లకా? నాకు చెప్పకనే మొక్కినవారా?" అన్నాడు. కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "గందుకే అనుకుంటాన, మొన్నటి సంది జర అల్కగ అనిపిస్తాంది."

ఇక ఆ అబద్ధానికి తిరుగులేదు. కొడుకంటే ఇట్లుండాలె అన్నారు ఆడవాళ్లు. సారయ్య కూడా నవ్వు ఆపేసి డేరాలోంచి బయటికొచ్చి, దానికి దండం పెట్టాడు.

"నిద్ర మొక్కంటే ఊకెనే పండుకొని లేసుడు గాదు," అంది రాములవ్వ. అప్పటికే ఆమె చేతులు నడుం మీదికి పోయాయి. "కోడి గావాలె. కొత్త కుండల బోనం వండాలె. అందరం పోవాలె, మొక్కు మీ నాయినది గదా. అనసూర్యా, అటక మీది పెద్ద గంజు దించు."

మర్నాడు మగ్గం ఆడినంతసేపూ అనసూర్య నోరు తెరవలేదు. కండెలు మాత్రం రాయిలా బిగించి చుట్టింది. రెండుసార్లు దారం తెగింది. చివరికి పర్శరాములే మొదలుపెట్టాడు.

"ఊరికెనే అంటే అవ్వ నవ్వుతది. వాడంత నవ్వుతది." దబ్. "ఏమనాలె మరి?"

"నువ్వు ఒక్క మాటన్నవు," అంది అనసూర్య. ఏడుపును పళ్ల నడుమ బిగబట్టింది. "ఆ ఒక్క మాటకు నేను కట్ట మీద నలుగురికి వండాలె. కోడిని నేనే బాగు చెయ్యాలె. గంజు నేనే తోమాలె. పొయ్యి లేకుంట తోల్కపోతనని, రెండు పొయ్యిలు నెత్తి మీద వెట్టినవ్."

అతను జవాబు చెప్పబోయాడు. అప్పుడే మామ మగ్గం ఆగింది. మాట మింగేశాడు.

*

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. మూలన సామాను పెరుగుతూ పోయింది. డేరా మడత, దాని మీద చాపలు, చాపల మీద గంజు, గంజులో కొత్త కుండ, కుండలో పసుపు, కుంకుమ. సారయ్య స్టవ్ కూడా వచ్చి చేరింది. పెరట్లో కట్టేసిన కోడి రోజంతా కాలి తాడును పొడుస్తూ ఉండేది. అనసూర్య రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆగి ఆ కుప్పను చూసేది. మళ్లీ తిప్పేది. సాయంత్రం మొగుడు సొసైటీ నుంచి వస్తుంటే వాకిట్లోకి ఎదురుపోయి చూసేది. భుజం మీద నూలు కట్ట కనపడితే నిట్టూర్చేది, అది నిరాశో నిమ్మళమో ఆమెకే తెలిసేది కాదు.

లక్ష్మీనర్సయ్య సంగతి వేరు. వాడలో ఎవరు ఎదురుపడ్డా మోకాళ్ల కథ చెప్తున్నాడు.

ఒక పొద్దున సారయ్య వాకిట్లోంచే కేకేశాడు. "లారీ రాలేదట! నూలు బంద్!"

మామూలుగా ఆ కేకకు లక్ష్మీనర్సయ్య ముఖం ముడుచుకుపోయేది. నూలు రాకపోతే కూలీ రాదు. ఈ రోజు మాత్రం గుంటలోంచి ఒక్క ఊపున లేచాడు. రాములవ్వ అప్పుడే పెరట్లోకి పోయి కోడిని గంప కింద మూసింది. పర్శరాములు బొంగులు కట్టలు కడుతున్నాడు, పెళ్లాం వైపు చూడకుండా.

"జెప్పన చాయ్ వెట్టు. మొదటి బస్సు అందుకోవాలె," అంది రాములవ్వ.

అనసూర్య పొయ్యి ముందు నిలబడింది. అగ్గిపెట్టె చేతిలో ఉంది. పుల్ల తీసింది. పొయ్యిలో నిన్నటి బూడిద ఇంకా అట్లాగే ఉంది. ఇప్పుడు దీన్ని వెలిగించాలి, బస్సు దిగి మూడు రాళ్లు పెట్టి దాన్ని వెలిగించాలి, రేపు పొద్దున మళ్లీ దాన్నే, ఇంటికొచ్చి మళ్లీ దీన్నే. పుల్లను గీయలేదు. అగ్గిపెట్టెను గట్టు మీద పెట్టింది. ఇంట్లోవాళ్లు చూస్తుండగానే నడిచి పెరటి తలుపు దగ్గరి మూలకు పోయి, గోడకు ఆనుకొని కూర్చుంది.

"అత్తమ్మా, నేను దూరమున్న," అంది.

రాములవ్వ చేతిలో గంప అట్లాగే ఉండిపోయింది. కోడలి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అనసూర్య కళ్లు దించుకుంది. చెవులు కాలిపోతున్నాయి. దేవుడి మొక్కు దగ్గర ఇట్లాంటి అబద్ధం ఆడినవాళ్లకు ఏమవుతుందో చిన్నప్పటినుంచి విన్నవన్నీ గుర్తొచ్చాయి.

"ఇంట్ల మైల వడ్డంక ఎట్ల పోత్తం?" అన్నాడు లక్ష్మీనర్సయ్య, దిగులుగా. "మళ్ల నూలు బంద్ నాడు సూద్దాం తియ్."

"మళ్ల నూలు ఎన్నడు బంద్ అయితదో ఎవలకెర్క?" అంది రాములవ్వ వెంటనే. అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా. గొంతు తగ్గించింది. "ఆడ కొత్త కుండల వండుకుంటం. ఈ ఇంటి మైల ఆడికి రాదు. మొక్కు నీది, బోనం నేనెత్తుత. వీడు వచ్చి డేర ఏసి మర్లొస్తడు. పోరి ఒక్కతే ఉండద్దు గదా."

"మరి దీనికి తిండి?" అన్నాడు పర్శరాములు.

"వచ్చేటప్పుడు ఏదన్న కొనుక్కరా. ఒక్క పొద్దుకు హోటల్ తిండి తింటే సావరు."

ఇంట్లో ఆడది ఉండగా హోటల్లో కొనుక్కు తినేవాళ్లను రాములవ్వ ఇన్నేళ్లుగా ఏమేం అన్నదో వాడంతటికీ తెలుసు.

కుప్ప కదిలింది. గంజు, కుండ, స్టవ్, చాపలు, లాంతరు, కోడి, అన్నిటికన్నా మీద డేరా. ఒక్కొక్కటీ గడప దాటుతుంటే అనసూర్య మూలలోంచి చూసింది. తండ్రి వెనక, తల్లి వెనక, నెత్తి మీద తను నేసిన డేరా మోసుకుంటూ పర్శరాములు వంగిపోయి నడుస్తున్నాడు. అతన్ని చూస్తే ఆమెకు జాలేసింది. పిలిచి నిజం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

*

చప్పుడు లేదు. అదీ ఆమెకు ముందు తెలిసింది. రెండు మగ్గాలూ నోరు మూసుకున్నాయి. రాట్నం లేదు, దగ్గు లేదు, 'అనసూర్యా' లేదు. అలవాటు కొద్దీ ఆమె కాసేపు మూలలోనే కూర్చుంది, ఎవరో చూస్తున్నట్టు. తర్వాత లేచింది. తలుపు వేసి గొళ్లెం పెట్టింది. పగటిపూట ఆ తలుపు మూసుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

గదంతా నడిచింది. ఇటు గోడ నుంచి అటు గోడకు. ఇంత పెద్దదా ఈ గది, అనుకుంది. మొగుడి మగ్గం గుంట అంచున కూర్చొని కాళ్లు లోపలికి దించింది. లోపల మట్టి చల్లగా ఉంది. వాళ్లు రోజంతా కాళ్లు పెట్టుకునే చోటు ఇంత చల్లగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాళ్లు ఊపుకుంటూ ఎంతసేపు కూర్చుందో తెలియదు. తర్వాత గది నడిమధ్యన, మామా అత్తా చాపలుండే చోట, వట్టి నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ బారజాపింది. ఏ గోడా తగల్లేదు. ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి భయం వేసింది. మళ్లీ సంతోషమే గెలిచింది, నిద్ర పట్టింది.

తలుపు చప్పుడైంది. పర్శరాములు వచ్చాడు. చేతిలో నూనె మరకల కాగితం పొట్లం. గడప లోపలికి ఒక అడుగు వేసి, అక్కడే గొంతుక్కూర్చున్నాడు. పొట్లాన్ని నేల మీద పెట్టి, మెల్లగా ఆమె వైపు తోశాడు. దూరమున్నదాన్ని తాకకూడదు కదా.

"తిను. నేను ఈడ్నే కూసుంట," అన్నాడు గుసగుసగా.

అనసూర్య ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకొని అతను కంగారుపడ్డాడు.

"ఏమైంది? నొస్తాందా?"

"దా ఇటు," అంది ఆమె. నవ్వు ఆగడం లేదు. "నాకేం గాలే. అబద్ధం."

పర్శరాములు ముఖంలో నెత్తురు లేదు. "అమ్మో. మైసమ్మ మొక్కు కాడ..."

"ఏ మొక్కు?" అంది అనసూర్య. "నీ మొక్కు అబద్ధం, నా మైల అబద్ధం. చెల్లుకు చెల్లు. ఆ తల్లికి లెక్కలు రావా?"

అతను కాసేపు ఆ లెక్క వేసుకున్నాడు. తేలినట్టుంది. లేచి తలుపు గొళ్లెం పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ పొట్లం విప్పి మిర్చీలు తిన్నారు. అతనేదో గుసగుసగా చెప్తుంటే ఆమె, "మెల్లగ ఎందుకు మాట్లాడుతానవ్?" అంది. అతను ఆగి, మగ్గాల వైపు చూశాడు. నిజమే. వినేవాళ్లెవరూ లేరు. గొంతు సవరించుకొని మామూలుగా మాట్లాడాడు. ఆ గొంతు ఇద్దరికీ కొత్తగా ఉంది. మొగుడికి ఇంత బొంగురు గొంతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"డేర మంచిగ నిలవడ్డదా?"

"నిలవడ్డది. నాయిన దాని ముంగట కూసొని చెరువు దిక్కు సూస్తాండు. అవ్వ రాళ్లు ఏరుకొచ్చుకుంట తిడ్తాంది." కొంచెం ఆగాడు. "పాకాల ఆఫీసరు లెక్కనే ఉన్నడు నాయిన."

"ఆ ఆఫీసరు, ఆయిన భార్య ఏం మాట్లాడుకున్నరు ఆడ?"

"ఏం మాట్లాడలే. ఊకెనే కూసున్నరు."

వాళ్లూ ఊకెనే కూర్చున్నారు. పర్శరాములు కాగితం ఉండ చుట్టి కిటికీలోంచి విసిరేశాడు. కడగడానికి ఇంట్లో ఒక్క గిన్నె లేదు. పొయ్యి చల్లగా ఉంది. సారయ్య ఒకసారి తలుపు తట్టి, జవాబు రాక, నవ్వుకుంటూ పోయిన చప్పుడు వినపడింది.

*

తెల్లారాక మాత్రం అనసూర్యకు తిన్నది ఒంటబట్టలేదు. కట్ట మీద మంచులో వంగి పొయ్యి ఊదుతున్న అత్త కళ్ల ముందు కనపడుతోంది. తన పొయ్యిని తను వదిలించుకోలేదు, ముసలిదాని నెత్తిన పెట్టింది. ఇల్లు రెండుసార్లు ఊడ్చింది. వాకిట్లోకి పోయి చూసి వచ్చింది. పర్శరాములు ఏమన్నా అంటే విసుక్కుంది.

ఎండ ఎక్కాక వాళ్లొచ్చారు. డేరా మంచుకు తడిసి రాయిలా బరువెక్కింది, రిక్షావాడు దాన్ని దించుతూ తిట్టుకుంటున్నాడు. ముందు లక్ష్మీనర్సయ్య దిగాడు. గోడ పట్టుకోలేదు.

"మీ అత్త సంగతి ఇన్నవా?" అన్నాడు కోడలితో, వాకిట్లోంచే. "ఎండ నెత్తికొచ్చిందాక లేవలే! లేపితే అటు మర్లి పండుకున్నది. చాయ్ నేనే వెట్టిన. స్టవ్ ఎట్ల ముట్టియ్యాల్నో తెల్వక మీసం కాల్చుకున్న. పక్కన మొక్కుకు వచ్చినోళ్లు నవ్విండ్రు."

"ఆ జంపఖానల చీకటుండె. తెల్లారింది తెలువలే," అంది రాములవ్వ, ఎవరి వైపూ చూడకుండా. ముఖం మాత్రం పొద్దున్నే స్నానం చేసి వచ్చినదానిలా ఉంది. తిట్ల కోసం సిద్ధంగా ఉన్న అనసూర్యకు ఆ ముఖం చూసి ఏం చేయాలో తోచలేదు.

పెరట్లో గంజు తోముతుంటే రాములవ్వ వచ్చి పక్కన కూర్చుంది. బూడిద అందించింది. తను కూడా ఒక తపేలా తీసుకొని తోమడం మొదలుపెట్టింది.

"దూరమున్నదానివి గంజు ముట్టినవేందే?" అంది.

అనసూర్య చెయ్యి ఆగిపోయింది.

"నీ దినాలు నాకెర్క లేదా? ఒక్క ఇంట్ల ఉంటం. మొన్ననే గదా తలకు పోసుకున్నది." రాములవ్వ తపేలా తిప్పి తిప్పి తోముతోంది. కోపం లేదు. "నాకా సాకు ఒడిసి ఏండ్లాయె. ఉన్నన్ని దినాలు ఎందుకు తోచలేదో."

తపేలా కడిగి బోర్లించింది. డేరాను దండెం మీద ఆరేసి, ఎండాక తనే మడత పెట్టి, తన సందుకలో అడుగున పెట్టి మూత వేసింది. పర్శరాములు అది చూసి ఏదో అడగబోతే అనసూర్య అతని కాలు తొక్కింది.

మళ్లీ మగ్గాలు ఆడాయి. కండెలు నిండాయి, ఖాళీ అయ్యాయి. నెల ఇంకా తిరగలేదు. ఒక పొద్దున వాకిట్లోంచి సారయ్య కేక వినపడింది.

"లారీ రాలేదట! నూలు బంద్!"

అనసూర్య పొయ్యి ముందు ఉంది. అగ్గిపుల్ల తీసింది.

"అనసూర్యా, పొయ్యి ముట్టకు," అంది రాములవ్వ గడప దగ్గర నుంచి, వాడంతా వినేట్టు. "నువ్వు దూరమున్నవ్ గదా."

లక్ష్మీనర్సయ్య గుంటలోంచి తల ఎత్తాడు. "మళ్లనా?"

"మళ్లనే. నీ మోకాళ్లు గూడ మళ్ల నొస్తానయి."

"నాకేం నొస్తలేవే."

"నొస్తానయి," అంది రాములవ్వ. అప్పటికే సందుక మూత తెరిచి, రెండు చేతులూ అడుగుకి పెట్టి డేరాను పైకి లాగుతోంది.

లక్ష్మీనర్సయ్య భార్య వైపు చూశాడు. కోడలి వైపు చూశాడు. మెల్లగా చెయ్యి మోకాలి మీద పెట్టుకొని, "అవునే, జర పట్టేసినట్టే ఉన్నది," అన్నాడు.

అనసూర్య అగ్గిపెట్టె గట్టు మీద పెట్టి, పోయి మూలన కూర్చుంది.